ఇంటి వద్దనే కళాశాల: ఆన్‌లైన్ చదువు నుండి ఏమి ఆశించవచ్చు?

విద్యను గురుముఖతః నేర్వవలెనని పెద్దల మాట. గురువు ఎదుట కూర్చుండి, విని, సందేహం అడిగి, తిరిగి అప్పజెప్పి నేర్చుకొనడమే చదువుగా అనేక తరాలు గడచినవి. అయితే గురువు ఉన్న చోటికి పోలేని వాని గతి ఏమిటి? ఈ ప్రశ్నకు మొదట తపాలా, ఆ తరువాత ఆకాశవాణి, నేడు అంతర్జాలం సమాధానం చెప్పజూచినవి. ఆన్‌లైన్ కళాశాల కోర్సులో చేరదలచిన దూరవిద్యార్థి దాని నుండి ఏమి ఆశించవచ్చునో, ఏమి ఆశించరాదో ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

కోటబొమ్మాళికి ఇది పరాయి విషయం కాదు. మన మండలం మీదుగా పదహారవ నంబరు జాతీయ రహదారి పోతున్నది. హౌరా–చెన్నై రైలుమార్గమూ పోతున్నది. అయినను ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న విశాఖపట్నం ఇక్కడికి సుమారు 150 కిలోమీటర్లు. 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడిన పిమ్మట ఆ దూరం కొంత తగ్గినమాట నిజమే. కాని దూరమంటే కిలోమీటర్లు మాత్రమే కాదు. టెక్కలి ప్రాంతపు గ్రానైటు క్వారీలో కూలికి పోయే యువకునికి, ఇంటర్మీడియట్ ముగియగానే వివాహమైన యువతికి, పని వెదకుకొంటూ చెన్నైకో హైదరాబాదుకో వలసపోయిన వానికి, తండ్రికి సాయంగా దుకాణంలో కూర్చున్న బాలునికి కళాశాల పక్కవీధిలో ఉన్నా దూరమే. ఆన్‌లైన్ చదువు మేలు చేయవలసినది ముఖ్యంగా ఇటువంటి వారికే. మోసపోయినా, నడుమ మానివేసినా అధికంగా నష్టపోయేదీ వీరే.

దూరవిద్య నడచిన దారి

మన దేశంలో విశ్వవిద్యాలయ స్థాయిలో తపాలా ద్వారా చదువు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆరంభమైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టినది. 1982లో హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసినది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగునాట పుట్టడం మనకు గర్వకారణం. దానికి తొలి ఉపాధ్యక్షులైన ఆచార్య జి. రామిరెడ్డిగారే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపాధ్యక్షులైనారు. మన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టబడినది. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య కోసం పార్లమెంటు చట్టం ద్వారా 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడినది. అది తన తొలి అడుగులు వేసినది దూరవిద్యతోనే.

2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం అనే వేదికను ఆరంభించినది. ఇందులో పాఠాలు ఉచితం. ధ్రువపత్రం కోసం పరీక్ష వ్రాయదలచిన వారు మాత్రమే రుసుము చెల్లించవలెను. 2020లో కరోనా వ్యాధి కారణంగా కళాశాలలు మూతపడినప్పుడు ఆన్‌లైన్ అనే మాట ఇంటింటికీ తెలిసినది. అదే సంవత్సరం సెప్టెంబరులో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ దూరవిద్యకు, ఆన్‌లైన్ విద్యకు కలిపి నిబంధనలు ప్రకటించినది.

ఈ చరిత్రలో ఒక సంగతి గమనింపదగినది. పాఠం వచ్చే వాహనం మారినది; తపాలా బంట్రోతు చేతి నుండి సెల్‌ఫోనులోకి వచ్చినది. కాని కూర్చుండి చదువవలసిన భారం ఎప్పటివలెనే విద్యార్థిదే.

కోర్సు ఎట్లు నడుస్తుంది?

దూరవిద్య, ఆన్‌లైన్ విద్య ఒకటే అని పలువురు అనుకొంటారు. దూరవిద్యలో ప్రధానమైనది ముద్రిత పాఠ్యగ్రంథం. దానికి తోడు అధ్యయన కేంద్రంలో కొన్ని తరగతులు ఉంటాయి. ఆన్‌లైన్ కోర్సులో నాలుగు అంగాలు ఉంటాయి. మొదటిది దృశ్యరూపమైన పాఠం. రెండవది చదువుకొనవలసిన వ్రాతప్రతి. మూడవది సందేహాలు అడుగుటకు చర్చావేదిక. నాలుగవది తనను తాను పరీక్షించుకొనే ప్రశ్నావళి, అప్పగింత పనులు. మనవారు తరచుగా మొదటి అంగంతో ఆగిపోతారు. వీడియో చూచినంత మాత్రాన పాఠం వచ్చినట్లు తోచుట సహజం. పుస్తకం మూసి, ఆ విషయాన్ని సొంత మాటలలో ఒక పుట వ్రాయబోయినప్పుడు గాని ఎంత వచ్చినదో తెలియదు.

మార్కులలో 30 శాతం వరకు కోర్సు నడుమ జరిగే మూల్యాంకనానికి, తక్కిన 70 శాతం చివరి పరీక్షకు ఉంటాయి. ఆ పరీక్ష పర్యవేక్షణతో జరుగుతుంది. ఇంట కూర్చుండి పుస్తకం చూచి వ్రాయవచ్చుననే భ్రమ ఎవరికీ వలదు.

కాలం లెక్క

ఆన్‌లైన్ చదువు తీరిక వేళల చదువు అని ప్రకటనలు చెబుతాయి. ఒకసారి లెక్క వేసి చూతము. దూరవిద్యలో ఒక క్రెడిట్ అనగా 30 గంటల అధ్యయనం. ఒక అర్ధసంవత్సరంలో 20 క్రెడిట్లు ఉన్నవనుకొందాము. అప్పుడు 600 గంటలు కావలెను. 26 వారాలకు పంచితే వారానికి 23 గంటలు; అనగా ఒక్కరోజైనా విరామం లేకుండా దినమునకు మూడు గంటలకు పైన. క్వారీలో పగలంతా శ్రమించిన వాడు ఈ మూడు గంటలు ఎక్కడ నుండి తెస్తాడు? ఇంటిపని, పిల్లల పని ముగించిన యువతి ఎప్పుడు కూర్చుంటుంది? చేరక పూర్వమే ఈ ప్రశ్న వేసుకొనవలెను. ఏ వేళ చదువుతారో, ఆ వేళ ఇంటిలో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ముందుగానే ఇంటివారితో మాట్లాడుకొనడం మేలు.

నడుమ మానివేసేవారి సంఖ్య ప్రపంచమంతటా అధికమే. అమెరికాలో హార్వర్డ్, ఎం.ఐ.టి. సంస్థలు అందరికీ తెరచి ఉంచిన ఆన్‌లైన్ కోర్సులను పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2017–18లో చేరినవారిలో పూర్తి చేసినది నూటికి సుమారు ముగ్గురే. అయితే ధ్రువపత్రం కోసం రుసుము చెల్లించి చేరినవారిలో నూటికి 46 మంది పూర్తి చేసినారు. పట్టుదలతో, ఒక ప్రయోజనం ఉద్దేశించి చేరినవారే ఎక్కువగా నిలిచినారని దీనినిబట్టి ఊహింపవచ్చును. వారిలోనూ సగానికి పైగా నిలువలేదన్న సంగతి మరువరాదు.

తరగతి గది మనకు తెలియకుండానే కొన్ని మేళ్లు చేస్తుంది. గంట మ్రోగితే లేస్తాము. మిత్రుడు చదువుతుంటే మనమూ చదువుతాము. అధ్యాపకుడు మన ముఖం చూచి అర్థం కాలేదని గ్రహిస్తాడు. ఆన్‌లైన్ చదువులో గంట, మిత్రుడు, అధ్యాపకుని చూపు మూడూ ఉండవు. వాటిని విద్యార్థి తానే సమకూర్చుకొనవలెను. ఒకే కోర్సు చదివేవారు ఇద్దరు ముగ్గురు కలసి వారానికి ఒకసారి కూర్చున్నా ఈ లోటు చాలవరకు తీరుతుంది.

భాష, విద్యుత్తు

స్వయంలో పాఠాలు అధికభాగం ఆంగ్లంలో ఉన్నవి. తెలుగు మాధ్యమంలో, ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి మొదటి వారాలు కఠినంగా ఉంటాయి. కాని తరగతి గదిలో లేని సౌకర్యం ఒకటి ఇక్కడ ఉన్నది: ఉపన్యాసాన్ని ఆపి మరల వినవచ్చును. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసి, కొత్త పారిభాషిక పదాన్ని ఆంగ్లంలో, దాని అర్థాన్ని తెలుగులో, ఉర్దూలో వ్రాసుకొనవలెనని మా సూచన. రెండు భాషల విద్యార్థులు కలసి చదివే మన వంటి కళాశాలలో ఈ పని ఇద్దరికీ లాభిస్తుంది.

విద్యుత్తు, సిగ్నలు మాట కూడా చెప్పవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన జిల్లా తీరాన్ని దాటినప్పుడు పలు గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నవి. కావున అప్పగింత పనిని గడువు చివరి రాత్రికి వాయిదా వేయరాదు. సిగ్నలు బాగున్న వేళ పాఠాలు దింపుకొని, ముఖ్యమైన పుటలు కాగితంపై ఉంచుకొనడం వివేకం.

చేరక పూర్వం విచారింపవలసినవి

డిగ్రీ చెల్లుతుందా అన్నది తల్లిదండ్రుల తొలి ప్రశ్న. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుండి, అనుమతి ఉన్న దూరవిద్య లేక ఆన్‌లైన్ కోర్సు ద్వారా పొందిన డిగ్రీ, తరగతికి పోయి పొందిన డిగ్రీతో సమానమని కమిషన్ 2022లో స్పష్టపరచినది. అయితే "అనుమతి ఉన్న" అనే మాటలోనే సర్వం ఉన్నది. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నంతమాత్రాన చాలదు; ఆ సంవత్సరం ఆ కోర్సుకు అనుమతి ఉన్నదో లేదో కమిషన్‌కు చెందిన డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో ప్రకటించే జాబితాలో చూడవలెను. 2024 నుండి చేరేవారు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ గుర్తింపు సంఖ్యతో పాటు బ్యూరో వారి డెబ్ గుర్తింపు సంఖ్యనూ తీసుకొనవలెను.

ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం వంటి డిగ్రీలు ఈ మార్గంలో ఇవ్వరాదని నిబంధన. ఇంట కూర్చుండి నర్సింగ్ డిగ్రీ పొందవచ్చునని ఎవరైనా చెబితే వారికి రూపాయి కూడా ఇవ్వరాదు. విశ్వవిద్యాలయాలు మధ్యవర్తులకు ఫ్రాంచైజీ ఇవ్వరాదు. కావున బజారులో బల్ల వేసుకొన్న వాని చేతికి గాక, రుసుము నేరుగా విశ్వవిద్యాలయానికే చెల్లించి రసీదు పొందవలెను.

కమిటీ వారికి మనవి

మన కళాశాల ఈ విషయంలో చేయగలిగిన సాయం ఉన్నది. గ్రంథాలయంలో ఒక గది, కొన్ని కంప్యూటర్లు, కరెంటు పోయినా పనిచేసే ఇన్వర్టరు, వారానికి రెండు సాయంత్రాలు సందేహాలు తీర్చే అధ్యాపకుడు, బాలికలకు అనువైన ప్రత్యేక వేళ ఏర్పాటు చేయవచ్చును. చదువు మానిన మా పూర్వ విద్యార్థులకు కూడా ఆ గది తలుపు తెరచి ఉండవలెను. ప్రవేశాలు చేయడం, రుసుము వసూలు చేయడం మన పని కాదు. చదివే చోటు, తోడు కల్పించడమే మన పని. ప్రస్తుత విద్యార్థుల విషయానికి వస్తే, 2021 నిబంధనల ప్రకారం ఒక అర్ధసంవత్సరపు కోర్సులలో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివి క్రెడిట్లు కలుపుకొనే అవకాశం ఉన్నది. మన వద్ద అధ్యాపకులు లేని విషయాలకు దీనిని ఎట్లు వినియోగించుకొనవచ్చునో కమిటీ వారు విశ్వవిద్యాలయంతో సంప్రదింపవలెనని కోరుతున్నాము.

విద్యార్థులారా! ఆన్‌లైన్ చదువు మనకు దారి ఖర్చును తగ్గిస్తుంది, శ్రమను తగ్గించదు. గొప్ప ఆచార్యుని పాఠాన్ని కోటబొమ్మాళికి తెస్తుంది, మన బదులు చదివి పెట్టదు. ఈ రెండూ తెలిసి చేరినవారికి అది నిజమైన కళాశాలే అవుతుంది. మీ ఇంట, మీ వీధిలో చదువు ఆపివేసిన అక్కయ్యలకు, అన్నయ్యలకు ఈ సంగతులు చెప్పి, ఒక్కరినైనా తిరిగి పుస్తకం పట్టించగలిగితే ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.