రొయ్యల శుద్ధి పరిశ్రమ

మాంసమును గాని మత్స్యమును గాని చెడకుండ నిలువచేయుట మానవుడు నేర్చిన మిక్కిలి ప్రాచీనమైన విద్యలలో నొకటి. గలిలయ సముద్రతీరమందలి మగ్దల గ్రామమును గ్రీకులు తరికేయ యని పిలిచిరనియు, చేపలకు ఉప్పు పట్టించి నిలువచేయు స్థలమని దాని యర్థమనియు పండితులు చెప్పుదురు. మన పులికాటు సరస్సు చుట్టునున్న పల్లెలలోని ఎండుచేపలును ఎండురొయ్యలును ఈ విద్యవలన గలిగినవే. పూర్వులకు ఉప్పును ఎండయు సాధనములు. నేడు వానికి తోడు శీతలము వచ్చినది. ఆ శీతలము నాధారముగా జేసికొని మన తీరమున బెరిగిన రొయ్యల శుద్ధి కంపెనీల చరిత్రమును, వాని పనివిధానమును, అవి నిలుచుటకు గల ముఖ్యకారణమును ఈ వ్యాసమున వివరింప నుద్దేశించితిమి.

కంపెనీల పుట్టుక

రొయ్యలను గడ్డకట్టించి విదేశములకు బంపుట మన దేశమున 1953లో కొచ్చిలో ప్రారంభమయ్యెను. అప్పటి సరకంతయు సముద్రమున వలవేసి పట్టినదే. 1972లో కేంద్రప్రభుత్వము సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థను స్థాపించెను. తరువాత చెరువులలో టైగర్ రొయ్యను పెంచుట నెల్లూరు తీరమున వ్యాపించెను. 1987లో థాపర్ వ్యాపారసమూహమునకు జెందిన వాటర్‌బేస్ కంపెనీ ఏర్పడి, తోటపల్లిగూడూరు మండలములోని అనంతపురము గ్రామమున రొయ్యల మేతను తయారు చేయుటకును రొయ్యలను శుద్ధిచేయుటకును పూనుకొనెను. 1993లో ఏర్పడిన అవంతి ఫీడ్స్ కంపెనీ గోదావరియొడ్డున కొవ్వూరులో మేతతో నారంభించి, క్రమముగా శుద్ధి కర్మాగారములను గూడ నెలకొల్పెను. దాని యనుబంధ సంస్థయైన అవంతి ఫ్రోజెన్ ఫుడ్స్‌లో థాయిలాండు దేశపు థాయ్ యూనియన్ సంస్థ భాగస్వామిగా జేరెను.

ఈ రెండు కంపెనీలును మేతను, శుద్ధిని రెంటిని చేపట్టుట గమనింపదగినది. మేత నమ్మువాడు రైతునకు బరిచితుడు. ఏ చెరువు ఎప్పుడు పట్టుబడికి వచ్చునో వానికి దెలియును. శుద్ధి కర్మాగారమునకు సరకు వేళకు దొరకనిచో యంత్రములును పనివారును వ్యర్థముగా నిలిచియుందురు. కావున చెరువును కర్మాగారమును గలుపు దారియే ఈ వ్యాపారమునకు ప్రాణము.

పనివిధానము

రొయ్య చచ్చిన క్షణమునుండి చెడుట కారంభించును. దాని తలలోని జీర్ణరసములు కండను మెత్తబరచును. గాలి సోకినచో పొట్టుపై నల్లని మచ్చలు పుట్టును. సూక్ష్మజీవులు గంటగంటకు వృద్ధిపొందును. అందుచేత చెరువుగట్టుననే రొయ్యలను మంచునీట ముంచి, ఐసు పొరల నడుమ నుంచి బండి కెక్కింతురు. కర్మాగారమున జేరినవెంటనే కడిగి, తల తీసి, పరిమాణమును బట్టి వేరుచేయుదురు. కోరినవారికి పొట్టు నొలిచి, వెన్నులోని నల్లని పేగును గూడ తీసి యిత్తురు. పిమ్మట శూన్యమునకు దిగువ 40 డిగ్రీల చలిలో పలకలుగా గాని విడివిడిగా గాని గడ్డకట్టించి, ఆరిపోకుండ పైన పలుచని మంచుపూత పట్టింతురు. అటుపై శూన్యమునకు దిగువ 18 డిగ్రీలకు తక్కువగా నున్న గదులలో నిలువచేసి, అదే చలిగల పెట్టెలలో చెన్నై, విశాఖపట్టణము మున్నగు రేవులకు బంపుదురు. ఈ దారిలో ఎచ్చట చలి తెగినను పూర్వపు శ్రమయంతయు వ్యర్థమగును.

ఇచ్చట బాలబాలికల కొక చిన్న లెక్క. మన రైతులు కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో దానిని 'కౌంటు' అందురు. 40 కౌంటు రొయ్య యొక్కటి 25 గ్రాములుండును. తల తీసినపిమ్మట సుమారు 16 గ్రాములు మిగులును. విదేశీయులు పౌనుతో, అనగా 454 గ్రాములతో లెక్కింతురు. 454ను 16చే భాగింపగా 28 వచ్చును. కావున మన 40 కౌంటు రొయ్య వారి లెక్కలో '26-30' అను తరగతిలో జేరును. ఈ లెక్క తెలియని రైతు తన సరకు విలువను తానెరుగజాలడు.

ఇక పారిశుద్ధ్యము. పనిచేయువారు టోపి, ముఖపు గుడ్డ, చేతితొడుగులు, రబ్బరు బూట్లు ధరించి, మందునీట కాళ్లు చేతులు ముంచి లోపలికి పోవలెను. హాసప్ అను పద్ధతి యొకటి కలదు. పనిలో నే చోట నపాయము పుట్టవచ్చునో ముందుగనే గుర్తించి అచ్చట కావలి యుంచుట దాని సారము. దీనిని 1960 తరువాత అమెరికాలో వ్యోమగాముల యాహారము కొరకు పిల్స్‌బరీ కంపెనీయు నాసా సంస్థయు గలిసి రూపొందించిరి. సరస్సున కావలనున్న శ్రీహరికోటనుండి రాకెట్టు లెగయుట చూచెడి మన బాలురకు, అట్టి యాకాశయాత్ర కొరకు పుట్టిన జాగ్రత్తయే రొయ్యలబుట్టనుగూడ గాపాడుచున్నదని తెలియుట వింతగొల్పును.

వచ్చిన పరీక్షలు

ఈ పరిశ్రమ నడచినది సుఖమైన దారి గాదు. 1994-95లో తెల్లమచ్చల తెగులు టైగర్ రొయ్యలకు సోకి చెరువులను నాశముచేయగా పెక్కుమంది రైతులు అప్పులపాలైరి. చెరువుల యుప్పునీరు త్రాగునీటిని, పొలములను చెడగొట్టుచున్నదని గాంధేయవాదియగు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యమున 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పులికాటు సరస్సునకు 1000 మీటర్లలోపల రొయ్యల చెరువులు త్రవ్వరాదని అందు ఆజ్ఞాపించుచు, మన దొరవారిసత్రము మండలములోని నేలపట్టు పక్షిశాలను పేరుతో జెప్పిరి. గూడబాతు బ్రదుకును మన నూతినీటి రుచియు ఒక్క తీర్పులోనివే యయ్యెను. తుదకు 2005లో తీరప్రాంత జలజీవుల పెంపకమునకు ప్రత్యేక చట్టము వచ్చెను.

1997లో ఐరోపా సంఘమువారు మన కర్మాగారముల పారిశుద్ధ్యము చాలదని సరకును నిషేధించిరి. లోపములు దిద్దుకొన్నవారికే మరల ద్వారము తెరువబడెను. 2009లో పసిఫిక్ తీరపు వనామీ రొయ్యను పెంచుటకు అనుమతి లభింపగా పరిశ్రమ వేగముగా బెరిగెను. 2023-24లో మన దేశమునుండి సుమారు 7 లక్షల 16 వేల టన్నుల గడ్డకట్టిన రొయ్యలు ఎగుమతియయ్యెను. వీనిని కొనువారిలో అమెరికా మొదటిది. అందుచేతనే 2025 ఆగస్టులో ఆ దేశము మన సరకుపై సుంకమును 50 శాతమునకు పెంచగా, ఆ దెబ్బ మన చెరువుగట్టుల వరకు దాకెను.

కనబడని చేతులు

చేతులతో తలతీసి, పొట్టు నొలుచువారిలో అధికులు స్త్రీలు. చలిలో, తడినేలపై గంటలకొలది నిలిచి పనిచేయు వీరి వ్రేళ్లు మంచునీట పాసిపోవును. మన రాష్ట్రపు రొయ్యల పనివారి కష్టములను గూర్చి 2024లో అమెరికాలో నివేదికలు వెలువడెను. సరకు శుద్ధమైనదా యని యడుగు లోకము, దానిని శుద్ధిచేసిన చేతులకు తగిన కూలి, విశ్రాంతి దొరకినవా యనియు నడుగుచున్నది. ఇది న్యాయమైన ప్రశ్న.

పై చరిత్రమును జూడగా మాకు దోచునది యిది. చలియంత్రములను ధనముతో గొనవచ్చును, నమ్మకమును గొనజాలము. తెగులు భయముచే ఒక్క రైతు నిషిద్ధమైన మందును చెరువులో గలిపినచో, నూరుకోట్ల భాగములలో ఒక భాగము మిగిలినను దానిని పరీక్షాశాల పట్టగలదు; అపుడు పెట్టెయంతయు తిరిగివచ్చును; ఊరందరికిని అపకీర్తి కలుగును. రైతు మందుసీసాను దూరముంచుట, ఒలుచునామె చేయి కడుగుట, యజమాని కూలి ధర్మముగా నిచ్చుట, కంపెనీ మురుగునీటిని సరస్సున విడువకుండుట, ఈ నాలుగును ఒకే గొలుసులోని కొక్కెములు.

బాలబాలికలారా! మీలో కొందరు రేపు చెరువుల యజమానులు, కొందరు పరీక్షాశాలలలో శాస్త్రజ్ఞులు, కొందరు కర్మాగారములలో పనివారు కావచ్చును. మన యూరి పేరే సత్రము. ముఖమెరుగని బాటసారి సత్రమున విస్తరి ముందు గూర్చుండుట వడ్డించువానిపై నమ్మకము చేతనే గదా! సముద్రముల కావల భోజనమునకు గూర్చుండువాడును అట్టి బాటసారియే. వాని విస్తరిలో వడ్డించునది మన చేతులే యని మరువకుడు.