మేనకోడలికి మామ ఉత్తరం: ఆయుర్వేదం ఎక్కడ చదవాలి

బళ్ళారి

అమ్మడూ,

నువ్వు ఆయుర్వేదం చదువుతానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమయింది. ఆరు నెలల్లో వైద్యురాలిని చేస్తామన్న ప్రకటన కూడా పంపింది. ముందు ఆ సంగతి తేల్చేద్దాం. అలాంటి సర్టిఫికెట్‌తో నాడి పట్టి మందు రాయడానికి చట్టం ఒప్పుకోదు. రిజిస్టర్‌లో పేరుండాలి, దానికి బీఏఎంఎస్ పట్టా ఉండాలి. పంచకర్మ థెరపిస్టు కోర్సుల దారి వేరు. వైద్యుల కింద అభ్యంగం, స్వేదనం చేయడం నేర్పుతాయి. గౌరవమైన పనే, కానీ నువ్వు కోరుకున్నది అది కాదు.

బీఏఎంఎస్ నాలుగున్నరేళ్ళ చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్. పీయూసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, నీట్‌లో అర్హత రావాలి. మేనేజ్‌మెంట్ సీటుకైనా నీట్ తప్పదు. అది లేకుండా సీటిప్పిస్తానన్నవాడికి రూపాయి కూడా ఇవ్వొద్దని మీ నాయనకు గట్టిగా చెప్పు.

మనవైపు పిల్లలకు అసలు చిక్కు కాగితాల దగ్గరే. 1953 అక్టోబరు 1న మన బళ్ళారి జిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, మనం మైసూరులో కలిశాం. చుట్టాలు మాత్రం రెండు వైపులా ఉండిపోయారు. పెద్దమ్మ ఇంట్లో ఉండి గుంతకల్లులో కొన్నేళ్ళు చదివిన పిల్లలకు, కర్ణాటక కోటాకు కావలసిన ఏడేళ్ళ లెక్క కుదరక ఇబ్బంది వస్తుంది. నీ చదువంతా ఇక్కడే కాబట్టి ఆ బెంగ లేదు. పైగా రాజ్యాంగం 371జె అధికరణం కింద కల్యాణ కర్ణాటక పిల్లలకు ఈ ప్రాంతపు కాలేజీల్లో 70 శాతం, మిగతా రాష్ట్రంలో 8 శాతం సీట్లున్నాయి. ఆ కోటాకు కావలసిన ధ్రువపత్రం ఏసీ (అసిస్టెంట్ కమిషనర్) ఆఫీసులో ఇప్పుడే తీసుకో. ఫలితాలొచ్చాక పరుగులు పెట్టినా లాభముండదు.

ఇక కాలేజీ. ఊళ్ళోనే తారానాథ్ ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఉంది. తుంగభద్ర ఒడ్డున ప్రేమాయతనం ఆశ్రమం పెట్టిన పండిత తారానాథ్ పేరు మీద వెలసింది. సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్ ఆయన కొడుకే. ముందు దాన్ని చూడు, తర్వాతే గదగ్, హుబ్బళ్ళి. ఏ కాలేజీకైనా ఆ ఏటికి జాతీయ భారతీయ వైద్య విధానాల కమిషన్ (ఎన్‌సీఐఎస్‌ఎం) అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

భవనం చూసి మాత్రం మోసపోకు. పొద్దున ఓపీ వేళకు వెళ్ళి బెంచీ మీద కూర్చో. చీటీ కోసం జనం నిలబడ్డారా? వార్డులో మంచాల మీద నిజంగా రోగులున్నారా, లేక దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయా? ఫార్మసీలో తైలం కాగుతోందా, లేక అన్నీ కొన్న సీసాలేనా? పాకం కుదిరిందో లేదో తెలియాలంటే కల్కం, అంటే అందులో వేసిన మందుల ముద్ద, కొంచెం తీసి వేళ్ళ మధ్య నలపాలి. అది వత్తిలా రావాలి. నిప్పులో వేస్తే చిటపటమనకూడదు, అందంటే ఇంకా నీరుందన్నమాట. పాకానికొచ్చేసరికి తైలమైతే నురుగు లేస్తుంది, నెయ్యి అయితే నురుగు అణుగుతుంది. పరీక్షలో ఇదంతా రెండు ముక్కల జవాబే. పొయ్యి ముందు నిలబడనివాళ్ళకు మాత్రం ఏ క్షణాన దింపాలో ఎన్నేళ్ళకూ తెలియదు. అందుకే రోగులు, పొయ్యి ఉన్న కాలేజీ పాతదైనా నాకు అదే ఎక్కువ.

మొదటి ఏడాది సంస్కృతం బెదిరిస్తుంది. ఇప్పటినుంచే శబ్దాలు, ధాతువులు పట్టుకో. తెలుగు, కన్నడం నీకు పుట్టుకతో వచ్చాయి. సిరుగుప్ప నుంచి వచ్చిన ముసలామె తన నొప్పి ఏ భాషలో చెప్పినా నీకు అందుతుంది. బసవరాజీయం కూడా తెచ్చి పెట్టుకో. శ్లోకాల పక్కన తెలుగు ఉన్న గ్రంథం అది. మందుల చట్టం ప్రామాణికమని ఒప్పుకున్న పుస్తకాల జాబితాలో దానికీ చోటుంది.

స్టడీ సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, మీ నాయన ఆధార్ తీసుకుని ఈ ఆదివారం రా. 371జె అర్జీ ఇద్దరం కూర్చుని నింపుదాం. సోమవారం పొద్దున్నే ఓపీకి వెళదాం.

మీ మామ