బత్తియాతో ఏడు పాటలు: వినడంలో నేను నేర్చుకున్నవి

ఇటలీ సంగీతం అంటే మనవాళ్ళకు వెంటనే ఒపేరా గుర్తొస్తుంది. నాకు మాత్రం 1981 సెప్టెంబరులో వచ్చిన ఒక ఎల్‌పీ గుర్తొస్తుంది. పేరు ‘లా వోచె దెల్ పద్రోనె’. పాడినవాడు ఫ్రాంకో బత్తియాతో, సిసిలీలో 1945లో పుట్టినవాడు. ఏడే పాటలు, మొత్తం అరగంట పైచిలుకు. ఇటలీలో పది లక్షల ప్రతులు దాటిన మొదటి ఎల్‌పీ అదేనని చెబుతారు. ఆ రోజుల్లో నేను విశాఖపట్నం నుంచి ఇటలీలోని త్రియెస్తే వెళ్ళి, అబ్దుస్ సలామ్ 1964లో నెలకొల్పిన సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రంలో పనిచేస్తుండేవాణ్ణి. పగలంతా లెక్కలు, సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట ఈ పాటలు.

ఇప్పుడు మా వీధి పిల్లలు వచ్చి, “తాతగారూ, ఒక్క ఆల్బమ్‌లోనే ఇన్ని రకాల పాటలుంటే ఎలా వినాలి?” అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముక్కలుగా వినకండి, వరసలో వినండి.

ఈ రికార్డు ఎక్కడ మొదలై ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడండి. మొదటి పాట ‘సమ్మర్ ఆన్ ఎ సాలిటరీ బీచ్’. పేరు ఇంగ్లీషు, పాట ఇటాలియన్. మనుషుల్లేని సముద్రపొడ్డు, మండే ఎండ, ఎక్కడో ఆరుబయట ఆడుతున్న సినిమా చప్పుడు గాలిలో తేలివస్తుంటుంది. టూరింగు టాకీసుల కాలంలో పెరిగినవాణ్ణి కదా, ఆ చప్పుడు ఎలా ఉంటుందో నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. పాట నిదానంగా నడిచి, పల్లవి దగ్గర అల లేచినట్టు లేస్తుంది.

ఆ మెత్తదనం చెవిలో ఉండగానే రెండోది, ‘బాందియెరా బియాంకా’, తెల్లజెండా, దిమ్మ తిరిగేలా వచ్చిపడుతుంది. డ్రమ్ములు, గిటారు, కాలాన్ని నిలదీసే మాటలు. అప్పటి ఇటలీ ఎలాంటిదో తెలిస్తే ఆ పాట బరువు తెలుస్తుంది. 1970లంతా అక్కడ కాల్పులూ, బాంబులూ. 1980 ఆగస్టు 2న బొలోన్యా రైల్వేస్టేషన్లో బాంబు పేలి 85 మంది చనిపోయారు. జనం అలసిపోయి ఉన్నారు. అలాంటప్పుడు ఒకడు వచ్చి, ఉపన్యాసం దంచకుండా, నవ్విస్తూనే, మనం ఎటుపోతున్నామని అడిగాడు. ఆ పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. 1849లో ఆస్ట్రియా సైన్యానికి వెనిస్ లొంగిపోయినప్పటి మీద రాసిన పాత కవిత ఒకటి ఇటలీ బడిపిల్లలకు కంఠతా వచ్చు. వంతెన మీద ఎగిరే తెల్లజెండా అందులోదే.

మూడోది ‘లి ఉచ్చెల్లి’, పక్షులు. తీగవాద్యాలు ముందుకొస్తాయి, పాట నేల విడిచి పైకి పోతుంది. రికార్డు తిప్పితే ‘కుక్కురుకుకూ’. మెక్సికో పాత పాట ఒకదాని పావురం కూత అందులోకి ఎగిరొచ్చింది, చివర్లో బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, బాబ్ డిలన్ పాటల పేర్లు వరసగా దూసుకొస్తాయి. తర్వాత ‘సెన్యాలి ది వీతా’: మునిమాపు వేళ ఇళ్ళలో వెలిగే దీపాలు, వాటిని చూస్తుంటే గుర్తుకొచ్చే గ్రహాల నడక. భౌతికశాస్త్రం బతుకుతెరువైన నాకు ఏడింటిలో ఇదే ప్రాణం. ఆరోది అందరికీ తెలిసిన ‘చెంత్రో ది గ్రావితా పెర్మనెంతే’. ఏడోది ‘సెంతిమియెంతో నువేవో’, శృంగారం పొంగే పాట, దీని పేరు మాత్రం స్పానిష్.

ఈ వరసలో ఒక్క పాటను పక్కకు జరిపినా రికార్డు నడక కుంటుపడుతుంది. ఇప్పుడు ఫోన్లో ఒక పాట ఇక్కడ, ఒక పాట అక్కడ ఏరుకుని వింటున్నారు. ఏరుకోండి, తప్పు లేదు. ముందు ఒక్కసారి మాత్రం మొదటినుంచి చివరిదాకా కదలకుండా వినండి.

2. పాటకో రకం ఉన్నచోట, మారనిది ఏదో వెతకండి.

ఇక్కడ మారనిది బత్తియాతో గొంతు. సన్నది, నిటారుగా పోయేది, గమకాల అలంకారం లేనిది. ఏడుపు పాటైనా ఏడవదు, కోపం పాటైనా అరవదు. నృత్యశాలకు పనికొచ్చే తాళం కింద మోగుతున్నా, పైన అదే నిబ్బరం. మన కచేరీలో రాగాలు ఎన్ని మారినా తంబురా శ్రుతి ఎలా పట్టుకుని ఉంటుందో, ఈ గొంతు అలా పట్టుకుని ఉంటుంది. దాని పక్కనే జూస్తో పీయో చెయ్యి. ఈయన మిలాన్ రేడియో ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించిన పెద్దమనిషి, బత్తియాతో కంటే దాదాపు ఇరవై ఏళ్ళు పెద్ద. వయొలిన్ నేర్చుకోవడానికి వెళ్ళిన బత్తియాతో ఆ గురువుతో కలిసి సంగీతం కట్టడం మొదలుపెట్టాడు. సింథసైజరు, రాక్ గిటారు, మద్రిగల్ పాడే గాయక బృందం, తీగవాద్యాలు ఒకే పాటలో కలిసి కూర్చున్నా తగవు రాకపోవడానికి ఆ చెయ్యే కారణం.

‘చెంత్రో ది గ్రావితా పెర్మనెంతే’ గురించి ఇక్కడే చెప్పాలి. లోకంలో వస్తువుల మీదా మనుషుల మీదా రోజుకో అభిప్రాయం మారిపోకుండా, లోపల స్థిరంగా నిలిచే ఒక కేంద్రం కావాలని వెతుక్కునే పాట అది. గుర్జీఫ్ అనే ఆధ్యాత్మిక గురువు బోధల్లోంచి తీసుకున్న ఆలోచన. పాటకో వేషం మార్చే రికార్డు నడిమధ్య ఈ కోరిక ఉంది. బత్తియాతో ఎన్ని రకాలు పాడినా చెదరలేదంటే ఆ వెతుకులాట నిజమైనది కాబట్టే. ఎన్నో ఆల్బమ్‌లు విన్నాను. రకాలు చాలా ఉండి లోపల మనిషి లేనివి చాలా ఉన్నాయి. అవి మొదటి వారం బాగుంటాయి.

3. తేలికగా వినిపించే పాట వెనక ఎంత సాధన ఉందో తెలుసుకోండి.

1981 నాటికి బత్తియాతో కొత్తవాడు కాదు. 1972లో ‘ఫీటస్’ అనే రికార్డుతో ఎలక్ట్రానిక్ సంగీతంలోకి దిగాడు. తర్వాత చాలా ఏళ్ళు ప్రయోగాలే. కొన్ని రికార్డులను వినడానికే ఓపిక కావాలి. పియానో మీద ఒకే తీరుగా మోగుతూ, మధ్యలో మౌనం కమ్ముకునే రచన ఒకదానికి స్టాక్‌హౌజెన్ అనే ఆధునిక స్వరకర్త పేరిట ఇచ్చే బహుమతి వచ్చింది. 1979లో పాటల వైపు మళ్ళాడు. ‘లేరా దెల్ చింగ్యాలే బియాంకో’, మరుసటేడు ‘పేత్రియట్స్’, ఆపైన ఇది. శబ్దాన్ని పదేళ్ళు విడగొట్టి చూసినవాడు గనకే, మూడు నాలుగు నిమిషాల పాటలో ఏది ఎక్కడ ఆపాలో అతనికి తెలుసు.

4. జనం మెచ్చుకున్నారని పాటను తక్కువ చేయకండి.

పాత ప్రయోగాల అభిమానుల్లో కొందరు అప్పట్లో ముఖం చిట్లించారు. నా తీర్పు వేరు. పది లక్షల ఇళ్ళలోకి వెళ్ళే పాట కట్టడం, నూరుమంది విమర్శకుల కోసం రాయడం కంటే కష్టమైన పని. తనకు తెలిసిన విద్యలో దేన్నీ వదులుకోకుండా అది చేయడం మరీ కష్టం.

5. వినేవాళ్ళను చూడండి, పాట గురించి చాలా తెలుస్తుంది.

త్రియెస్తేలో నా సహోద్యోగి ఒకాయన ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచేవాడు. మూడు తరాల ఇల్లు. చలికాలం, బయట బోరా అనే ఈదురుగాలి కిటికీలను ఊపేస్తుంటే, లోపల గిన్నెల్లో యోతా, అంటే చిక్కుడుగింజలూ పులిసిన క్యాబేజీ వేసి కాచే ఆ ఊరి చారు, పొగలు కక్కుతుండేది. పదిహేడేళ్ళ కొడుకు రికార్డు పెట్టేవాడు. వాడికి తెల్లజెండా పాట కావాలి. చెంచాతో బల్ల మీద తాళం వేస్తూ, అందులో ఎత్తిపొడుపులు వచ్చినప్పుడల్లా తండ్రి వంక చూసేవాడు. తండ్రికి పక్షుల పాట. గణితం మనిషి, పక్షులు ఎగిరే తీరులో జ్యామితి కనిపించే ఆ పాట వస్తే తినడం ఆపి వినేవాడు. నానమ్మకు మొదటి పాట. మాటలతో ఆమెకు పనిలేదు, బాణీని పెదవులు విప్పకుండా కూనిరాగంగా తీసుకునేది. ఇల్లాలు ఆరోదాని పల్లవి వచ్చేసరికి వంటింట్లోంచి గొంతు కలిపేది. ‘కుక్కురుకుకూ’ చివర్లో ఇంగ్లీషు పాటల పేర్లు వచ్చినప్పుడు మాత్రం బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకేసారి పాడేవాళ్ళు, నేనూ పాడేవాణ్ణి.

ఒకే రకం పాటలున్న రికార్డైతే అది ఆ కుర్రాడి గదిలోనే ఉండిపోయేది. రకాలు ఉండబట్టే హాల్లోకి వచ్చింది. ఎవరి పాట కోసం వాళ్ళు కూర్చుని, పక్కవాళ్ళ పాట కూడా విన్నారు. నాలుగు ఆదివారాలు పోయాక నానమ్మకు తెల్లజెండా కూడా నోటికొచ్చేసింది. ఆ రోజుల్లో ఏ రేడియో పెట్టినా ఇవే పాటలు. 1976లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో స్థానిక ప్రైవేటు రేడియోలకు దారి దొరికింది, ఊరూరా స్టేషన్లు పుట్టాయి. 1982 వేసవిలో ఇటలీ ప్రపంచకప్పు ఫుట్‌బాల్ గెలిచినప్పుడు, త్రియెస్తేలోని బార్కోలా సముద్రపొడ్డున కార్ల హారన్ల మధ్య వినబడింది కూడా ఈ రికార్డే.

6. అర్థం కాని మాటకు భయపడకండి. అలాగని వదిలేయకండి.

బత్తియాతో సాహిత్యం నిండా సూచనలే. అఫ్ఘానిస్తాన్ మీదికి సోవియట్ సేన వచ్చి అప్పటికి రెండేళ్ళు కాలేదు. ‘కుక్కురుకుకూ’లో అతను హోమర్ ‘ఇలియడ్’ మొదట్లో చెప్పే ఆగ్రహాన్ని తెచ్చి, సరిహద్దు దాటి ఇరాన్ చేరిన అఫ్ఘాన్ శరణార్థుల పక్కన పెట్టాడు. ‘చెంత్రో ది గ్రావితా’లో బౌద్ధ భిక్షువుల వేషం కట్టి మింగ్ చక్రవర్తుల కొలువులో మెలిగిన జెసూయిట్లు అనే కేథలిక్ మతగురువులు వస్తారు. ఇది మత్తేయో రిచ్చీ వంటివాళ్ళ చరిత్ర. ఆ మాట చెవినపడగానే నాకు ఇంకో ఇటాలియన్ జెసూయిట్ గుర్తొచ్చాడు. రొబెర్తో దె నోబిలీ 1606లో మధుర చేరి, కాషాయం కట్టి, శాకాహారిగా, సన్యాసిలా బతికాడు. తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చాడు. అప్పుడు మధురను ఏలుతున్నది తెలుగు మూలాలున్న నాయకరాజులే. మా భోజనాల బల్ల దగ్గర ఈ సంగతి చెబితే ఇంటాయన ఆశ్చర్యపోయి, ఆ పాట మళ్ళీ పెట్టించాడు. చివరి పాటలోనైతే తాంత్రిక శైవం ప్రస్తావనే ఉంది.

ఇవన్నీ ఇటలీ వాళ్ళకు మాత్రం మొదట్నుంచీ తెలుసా? చాలామందికి తెలియదు. పాట నచ్చింది, నోటికొచ్చింది, తర్వాత ఎవరో ఒకరు అడిగి తెలుసుకున్నారు. పాట శ్రోతను చదువువైపు నడిపించడం నేను కళ్ళారా చూశాను. గుర్జీఫ్ పుస్తకం కొనుక్కున్న కుర్రాళ్ళను ఎరుగుదును.

7. మన చెవికి ఒక అనుకూలత ఉంది, దాన్ని వాడుకోండి.

1955 నాటి ‘మిస్సమ్మ’ సినిమాలో త్యాగరాజ కృతీ ఉంది, రేలంగి హాస్యగీతమూ ఉంది, వెన్నెల పాటా ఉంది. కట్టినవాడు సాలూరి రాజేశ్వరరావు. ఒకే చోట ఇన్ని రకాలేమిటని తెలుగు శ్రోత ఎన్నడూ అడగలేదు. కథ అడిగింది, సంగీత దర్శకుడు ఇచ్చాడు. బత్తియాతో రికార్డుకు కథ లేదు, పాత్రలు లేవు. ఆ వైవిధ్యాన్ని ఒక్క మనిషి మనసే మోయాలి. మనకు అలవాటైన రుచే, కానీ ఆసరా వేరు. ఈ తేడా తెలిసి వింటే ఆనందం రెట్టింపు. ఇంకో చుట్టరికం కూడా ఉంది. గ్రామఫోను ముందు కుక్క కూర్చున్న హెచ్‌ఎంవీ బొమ్మ మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే కదా, ఆ కంపెనీకి ఇటలీలో ఉన్న పేరే ఈ ఆల్బమ్ పేరు.

8. గెలిచినదాన్నే మళ్ళీ మళ్ళీ చేయనివాణ్ణి గౌరవించండి.

ఇంత విజయం తర్వాత ఇలాంటివే పది చేసుకుంటూ హాయిగా బతకొచ్చు. బత్తియాతో అలా చేయలేదు. 1984లో అలీచె అనే గాయనితో కలిసి యూరోవిజన్ పాటల పోటీలో పాడి అయిదో స్థానంలో నిలిచాడు. 1987లో పార్మా నగరంలో అతని ఒపేరా ఆడింది. 1992 డిసెంబరులో, గల్ఫ్ యుద్ధం తర్వాత ఆంక్షల్లో నలుగుతున్న ఇరాక్‌కు వెళ్ళి బాగ్దాద్‌లో కచేరీ చేశాడు, అరబ్బీలోనూ పాడాడు. 1996లో ‘లా కూరా’ అనే ప్రేమగీతం చేశాడు, ఇవాళ్టికీ ఇటలీలో పెళ్ళిళ్ళలో పాడుకుంటారు. ప్రతిసారీ కొంతమంది శ్రోతలు వెనకబడ్డారు, కొత్తవాళ్ళు వచ్చి చేరారు. 2021 మే 18న ఎత్నా అగ్నిపర్వతం వాలులో మీలో అనే ఊళ్ళో, సొంత ఇంట్లో కన్నుమూశాడు.

ఈ రికార్డు ఇప్పుడు దొరకడం కష్టమేమీ కాదు, ఫోన్లోనే ఉంది. మొదటిసారి అర్థాల జోలికి పోకుండా వినండి. రెండోసారి ఎవరైనా చేసిన అనువాదం పక్కన పెట్టుకోండి. వీలైతే ఇంట్లో నలుగురూ ఉన్నప్పుడు పెట్టి, ఎవరికి ఏ పాట నచ్చిందో అడగండి.