జట్టునుండి తీసివేయబడిన మార్కు

చదువవలసిన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 13:13, 15:36–41, 2 తిమోతి 4:11.



ఈ దినములలో సాయంకాలమున రచ్చబండయొద్ద నలుగురు కూడినయెడల పైరుల మాటకంటె ముందు క్రికెట్టు మాట వచ్చుచున్నది. ఎవనిని ఏ జట్టు ఎన్ని కోట్లకు కొనెను, ఎవనిని వదలివేసెను, ఎవడు పరుగులు చేయలేక యున్నాడు, ఎవడు ఎవనిమీదికి కయ్యమునకు పోయెను, ఇవియే సంగతులు. ఆట చూచుట పాపమని నేను చెప్పబోవుట లేదు. పౌలు తానే పరుగు పందెమును, పిడికిలి పోరును ఎరిగినవాడై వాటిని సాదృశ్యములుగా వాడెను (1 కొరింథీ 9:24–27). అయితే ఆటను గూర్చి మనము పలుకు మాటలలో మన హృదయము బయలుపడుచున్నది. ఆ మాటలను ఈ నెల పాఠములో వాక్యపు వెలుగునకు తెచ్చి చూతము.

1. ఇద్దరు భక్తుల వాదము

పౌలును బర్నబాయు మొదటి సువార్త ప్రయాణమునకు బయలుదేరినప్పుడు, మార్కు అనబడిన యోహాను వారికి ఉపచారము చేయువాడుగా వెంట వెళ్లెను. కుప్ర ద్వీపములో వారితోకూడ తిరిగెను. ఓడ దిగి పంఫూలియలోని పెర్గేకు వచ్చినప్పుడు మాత్రము వారిని విడిచి యెరూషలేమునకు మరలిపోయెను. ముందున్న కొండదారికి జంకెనా, తల్లిమీద బెంగపడెనా, జబ్బు చేసెనా అని అడుగువారికి లేఖనము జవాబియ్యలేదు. లేఖనము చెప్పనిదానిని మనము కల్పింపరాదు. ఒకడు ఏల తప్పిపోయెనో ఎరుగకయే మనము ఎన్ని కారణములు అల్లుచున్నాము!

రెండవ ప్రయాణమునకు సిద్ధపడునప్పుడు బర్నబా మార్కును మరల వెంటబెట్టుకొని పోవుదమనెను. పౌలు వలదనెను. ఇద్దరి మాటలోను న్యాయము కలదు. పౌలు జట్టు నాయకునివలె ఆలోచించెను. లుస్త్రలో రాళ్ల దెబ్బలు తిని, చచ్చెనని ఊరి వెలుపలికి ఈడ్వబడినవాడు అతడు. అట్టి చోటికి మరల పోవునప్పుడు, నడిమిదారిలో విడిచిపోయిన వానిని నమ్ముట ఎట్లు? బర్నబా పెద్దన్నవలె ఆలోచించెను. ఒకసారి పడినవానికి చేయి అందింపనియెడల వాడు ఎప్పుడు లేచును? పౌలు క్రొత్తగా ప్రభువును నమ్మిన దినములలో యెరూషలేము శిష్యులు అతనికి భయపడగా, అతనిని అపొస్తలులయొద్దకు తోడుకొని పోయినవాడు ఈ బర్నబాయే (అపొ. 9:26, 27). వాదము ముదిరెను. ఇద్దరును వేరైపోయిరి. బర్నబా మార్కును తీసికొని కుప్రకు ఓడయెక్కెను. పౌలు సీలను ఏర్పరచుకొని సిరియ, కిలికియ దేశములకు పోయెను.

లూకా ఈ సంగతిని దాచలేదు. భక్తులైనను ఎవనిని జట్టులో ఉంచవలెననుదానిలో భేదపడిరి. కాబట్టి భేదాభిప్రాయము దానంతట అదియే పాపము కాదు. అయితే ఒకటి గమనించుడి. పౌలు మార్కును ఆ ప్రయాణమునకు తగడనెనే గాని, వాడు దేవునికే పనికిరాడని అనలేదు. ఆటను గూర్చిన తీర్పు వేరు, ఆటగానిని గూర్చిన తీర్పు వేరు. మొదటిది మనము చేయవచ్చును. రెండవది వాని యజమానునిది (రోమా 14:4).

2. జనసమూహపు నోరు

ఐ.పి.ఎల్. అను క్రికెట్టు పోటీలు 2008లో ప్రారంభమాయెను. అందు ఆటగాండ్రను వేలములో కొందురు. ఒక జట్టువారు మరియొక జట్టువారితో ఒప్పందము చేసికొని ఆటగానిని మార్చుకొనుటయు కలదు. హార్దిక్ పాండ్యా 2015 మొదలుకొని 2021 వరకు ముంబయి జట్టులో ఆడెను. పిమ్మట గుజరాత్ జట్టుకు నాయకుడై 2022లో దానికి కప్పు తెచ్చెను. 2023 నవంబరులో ముంబయి జట్టు అతనిని తిరిగి తీసికొనెను. డిసెంబరులో, ఆ జట్టును ఐదుసార్లు గెలిపించిన రోహిత్ శర్మను నాయకత్వమునుండి తప్పించి ఇతనిని నాయకునిగా నియమించెను.

నాయకుని మార్చినది జట్టు యాజమాన్యము. కోపము మాత్రము ఆటగానిమీద పడెను. 2024 పోటీలలో అహమ్మదాబాదువారు తమ్మును విడిచిపోయెనని అతనిని ఎగతాళి చేసిరి. ముంబయిలో, తన సొంత మైదానమందు, తన జట్టును ప్రేమించువారే అతడు కనబడగానే గేలిచేసి కేకలు వేసిరి. నాణెము ఎగురవేయు వేళ అక్కడ మాటలాడుచున్న వ్యాఖ్యాత జనులను మర్యాదగా ఉండుడని అడుగవలసి వచ్చెను. ఆ యేడు ముంబయి జట్టు పట్టికలో అన్నిటికంటె క్రింద నిలిచెను.

అటుపిమ్మట ఏమి జరిగెను? 2024 జూన్ 29న బార్బడోస్ దీవిలో ప్రపంచకప్పు కడపటి ఆట. కడపటి ఓవరులో దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావలెను. బంతి హార్దిక్ చేతికి వచ్చెను. మొదటి బంతికే మిల్లర్ కొట్టిన దెబ్బను సూర్యకుమార్ యాదవ్ సరిహద్దు అంచున పట్టెను. భారత జట్టు 7 పరుగులతో గెలిచెను. హార్దిక్ మైదానమందే కన్నీరు విడిచెను. జూలై 4న జట్టు ముంబయికి వచ్చినప్పుడు, ఏ మైదానములో అతనిని గేలిచేసిరో ఆ మైదానములోనే అతని పేరెత్తి జేజేలు పలికిరి.

ఇది క్రొత్త సంగతి కాదు. లుస్త్రలో కుంటివాడు లేచి నడచినప్పుడు జనులు బర్నబాను ద్యుపతియనియు పౌలును హెర్మేయనియు పిలిచి, పూలదండలను ఎడ్లను తెచ్చి బలి అర్పింపబోయిరి. అంతియొకయ నుండియు ఈకొనియ నుండియు కొందరు వచ్చి నూరిపోయగానే, దండలు తెచ్చిన ఊరిలోనే పౌలుమీద రాళ్లు రువ్విరి (అపొ. 14:8–19). లుస్త్రలో దండ ముందు వచ్చెను, రాయి తరువాత వచ్చెను. ముంబయిలో రాయివంటి మాట ముందు వచ్చెను, దండ తరువాత వచ్చెను. వరుస మారినను నోరు ఒక్కటే. గెలుపును పూజించు నోటికి మనుష్యుడు కనబడడు.

మన సంఘములలో ఇట్లు జరుగుట లేదా? బదిలీయైన ఉపాధ్యాయుడు మరియొక గ్రామపు గుడికి వెళ్లినయెడల “మనలను విడిచిపోయెను” అందుము. అతనిని బదిలీ చేసినవారు వేరు, మాట పడువాడు వేరు.

3. చేయి జారిన దినము

మన హైదరాబాదు వాడైన మొహమ్మద్ సిరాజ్‌ను ఎరుగని పడుచువాడు లేడు. అతని తండ్రి ఆటోరిక్షా నడిపి కుటుంబమును పోషించెను. 2020 నవంబరులో అతడు జట్టుతో ఆస్ట్రేలియాలో నుండగా ఆ తండ్రి మరణించెను. అతడు ఇంటికి రాక జట్టుతోనే నిలిచెను. 2025 ఆరంభమున చాంపియన్స్ ట్రోఫీ జట్టులో అతనికి చోటు దొరకలేదు.

ఆ సంవత్సరమే ఆగస్టు 3న, లండనులోని ఓవల్ మైదానములో, ఇంగ్లండు ఆటగాడైన హ్యారీ బ్రూక్ 19 పరుగులమీద నుండగా కొట్టిన బంతిని సిరాజ్ పట్టెను. పట్టెనుగాని అతని కాలు సరిహద్దును త్రొక్కెను. వికెట్టు కావలసినది ఆరు పరుగులాయెను. బ్రూక్ 111 పరుగులు చేసెను. ఆ రాత్రి ఎన్ని గ్రామములలో ఎన్ని నోళ్లు అతనిని తిట్టెనో! మరునాటి ఉదయమున ఇంగ్లండుకు 35 పరుగులు మాత్రమే కావలెను. బంతి మరల సిరాజ్ చేతికే ఇచ్చిరి. ఆ ఉదయము అతడు మూడు వికెట్లు తీసెను. కడపటి వికెట్టు కూడ అతనిదే. భారత జట్టు 6 పరుగులతో గెలిచెను. నిన్న తప్పిపోయిన వానిని నేడు నమ్మి బంతి ఇచ్చిన నాయకుడు లేనియెడల ఆ గెలుపు లేదు.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకొనవలెను. మా యూరిలో సంక్రాంతి సెలవులలో పడుచువారు కోసిన వరిమడిలో పోటీ పెట్టిరి. పొరుగూరి జట్టుకు కడపటి బంతికి రెండు పరుగులు కావలెను. బంతి పైకి లేచెను. మన సంఘపు కుఱ్ఱవాడొకడు, ఆదివారము గుడిగంట కొట్టువాడు, పరుగెత్తి దాని క్రిందికి వచ్చెను. బంతి చేతులలో పడి జారెను. వారు రెండు పరుగులు తీసి గెలిచిరి. గట్టుమీద కూర్చున్న నేను నుదురు కొట్టుకొని, “వీణ్ణెవరు జట్టులో పెట్టారురా?” అని కేకవేసితిని. అందరు నవ్విరి. ఎవరో ఫోనులో తీసిన చిత్రమును ఊరి వాట్సాపు గుంపులో పెట్టగా మూడు దినములు నవ్వుకొనిరి.

ఆ కుఱ్ఱవాడు గుడికి రావడము మానెను. ఐదు ఆదివారములు గంట నేనే కొట్టితిని. కొట్టిన ప్రతిసారి వాడేడని ఇతరులను అడిగితినే గాని, నన్ను నేను అడుగుకొనలేదు. పిమ్మట వాని యింటికి పోతిని. తల్లి మంచము వాల్చెను. వాడు తలవంచుకొని, “అందరూ అన్నారు అయ్యగారూ, పడ్డాను. మీరు కూడా అన్నారు గదా” అనెను. సెమినరీలో నేర్చిన మాట ఒక్కటియు నా నోటికి రాలేదు. “తప్పు నాదే నాయనా, నన్ను క్షమించు” అంటిని. వాడు బదులు పలుకలేదు. రెండు వారముల తరువాత ఒక ఆదివారము నేను గుడికి వచ్చునప్పటికి గంట మ్రోగుచుండెను.

నాలుక చిన్న అవయవమే గాని అది రగిలించు అడవి గొప్పదని యాకోబు హెచ్చరించెను (యాకోబు 3:5, 6). ఆ మాటమీద నేను అనేకసార్లు ప్రసంగించితిని. అయినను వరిమడి గట్టుమీద దానిని మరచితిని.

4. మోటు ఆట

కొందరు, “ఆటలో కోపము సహజమే, కయ్యము లేనిది ఆట రుచింపదు” అందురు. కబడ్డీ చూడుడి. అది మన మట్టిలో ఆడు ఆట. పట్టుట, పడవేయుట అందు కలదు. అయినను కూతకు వచ్చినవాని నోరు మూసి కూత ఆపుట తప్పు. గొంతు పట్టుట తప్పు. కాళ్లతో కత్తెరవలె బిగించుట తప్పు. తప్పు చేసినవానికి ఆకుపచ్చ కార్డు హెచ్చరిక. పసుపుపచ్చ కార్డు చూపినయెడల రెండు నిమిషములు వెలుపల కూర్చుండవలెను. ఎఱ్ఱ కార్డు చూపినయెడల ఆ ఆటకు పనికిరాడు. బలము చూపవచ్చును, ఊపిరి ఆపరాదు. ఇది ఆటకే గాదు, సంఘకూటమునకును తగిన నియమము. మన కూటములలో బీదవాడు లేచి మాటలాడబోగా “నీవు కూర్చో” అని నోరు మూయుట ఏ కార్డునకు తగిన తప్పో మీరే చెప్పుడి. నియమము చొప్పున పోరాడనివానికి కిరీటము లేదని పౌలు తిమోతికి బోధించెను (2 తిమోతి 2:5).

2024 డిసెంబరులో అడిలైడు మైదానమందు సిరాజ్ ఆస్ట్రేలియా ఆటగాడైన ట్రావిస్ హెడ్‌ను అవుట్ చేసి, పొమ్మన్నట్లు సైగచేసెను. ఇద్దరికి మాటలు పెరిగెను. సిరాజ్‌కు ఆట జీతములో నూటికి 20 వంతులు జరిమానా పడెను. ఇద్దరి పేరునను తప్పు వ్రాయబడెను. మన పడుచువారికి ఇది చిక్కుముడి యాయెను. సిరాజ్ మన ఊరివాడు. హెడ్ ఆ యేడే హైదరాబాదు జట్టుకు ఆడినవాడు. అయితే ఆ ఇద్దరును మరునాడే మాటలాడుకొని సమాధానపడిరి. వారు సమాధానపడిన తరువాత కూడ వారి పక్షమున మనవారు తిట్టుకొనుచునే యుండిరి. కొట్లాడినవారు కలిసికొనిరి, చూచినవారు విడిపోయిరి. ఇంతకంటె అవివేకము కలదా? సూర్యుడు అస్తమించువరకు కోపము నిలువరాదనిన ఆజ్ఞ (ఎఫెసీ 4:26) చూచువారికిని చెల్లును.

5. మార్కు తిరిగి వచ్చుట

సంవత్సరములు గడచెను. పౌలు బంధకములలో నుండి కొలొస్సయులకు వ్రాయునప్పుడు మార్కు అతనియొద్దనే యున్నాడు. అతడు వచ్చినయెడల చేర్చుకొనుడని సంఘమును వేడుకొనెను (కొలొస్సీ 4:10). మరణము సమీపించినప్పుడు తిమోతికి వ్రాసిన పత్రికలో, మార్కును వెంటబెట్టుకొని రమ్మనియు, అతడు పరిచర్యకు తనకు ప్రయోజనకరుడనియు తెలియజేసెను. ఒకప్పుడు వెంట రావద్దన్న నోరే ఇప్పుడు తోడుకొని రమ్మనుచున్నది. రెండవ సువార్తను వ్రాసినవాడు ఈ మార్కేయని ఆదిసంఘము నమ్మెను. పెర్గేలో తిరిగిపోయినవాని చేతనే ప్రభువు తన కుమారుని చరిత్రను వ్రాయించెను.

వేలములో ఆటగాని వెల యేటేట హెచ్చును, తగ్గును. 2024 నవంబరులో రిషభ్ పంత్‌ను 27 కోట్లకు కొనిరి. అదే వేలములో ఎవరును కొననివారు అనేకులు మిగిలిరి. మన వెల అట్టిది కాదు. అది సిలువయొద్ద ఒక్కసారే చెల్లింపబడెను (1 కొరింథీ 6:20); మన తప్పిదమునుబట్టి తగ్గదు. కాబట్టి మీ గ్రామములో చేయి జారినవాడు ఎవడో మీరెరుగుదురు. పదవ తరగతి తప్పినవాడు కావచ్చును, అప్పులపాలైనవాడు కావచ్చును, త్రాగుడు మాని మరల పడినవాడు కావచ్చును. వానిని గూర్చి మన నోట ఏ మాట యున్నదో చూచుకొందము.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. పౌలు, బర్నబాలలో ఎవరి మాట మీకు న్యాయముగా తోచుచున్నది? ఏల?
2. ఆటను గూర్చియైనను, మరి దేనిని గూర్చియైనను వాదించి మీరు మాటలు మానిన సహోదరుడు కలడా?
3. మీ మాట వలన గుడికి రావడము మానినవారు ఎవరైన ఉన్నారా? ఈ వారము వారి యింటికి పోగలరా?

ప్రార్థన

ప్రభువా, జారిన చేతులను నీవు పట్టుకొందువు. మా నోటికి కావలి యుంచుము. మేము నవ్విన వారియొద్దకు మమ్మును నడిపింపుము. నీవు విడువని వానిని మేము విడువకుండ సహాయము చేయుము. ఆమేన్.