మా వారితో పాటు నేనూ చేరొచ్చా?

ప్రశ్న: మాది వర్జీనియా. మా వారు అమెరికా సైన్యంలో పనిచేసి బయటికొచ్చాక ముభావంగా ఉంటున్నారు. మాజీ సైనికులకు నటన, హాస్యం ఉచితంగా నేర్పుతారట. నేనూ చేరొచ్చా?

జవాబు: తప్పకుండా చేరొచ్చమ్మా. 2015లో మొదలైన ‘ఆర్మ్‌డ్ సర్వీసెస్ ఆర్ట్స్ పార్ట్‌నర్‌షిప్’ మాజీ సైనికులతో పాటు వాళ్ల కుటుంబాలకూ స్టాండప్ కామెడీ, ఇంప్రావ్ (అప్పటికప్పుడు అల్లుకునే నటన), కథ చెప్పడం వంటివి ఉచితంగా నేర్పుతోంది. అనుభవం అక్కర్లేదు.

మీ వారికి మొదట ఇంప్రావ్ మంచిదని నా అభిప్రాయం. ఇందులో రాసిపెట్టిన సంభాషణలు ఉండవు. ఒకరు ‘బస్సు వెళ్లిపోయింది’ అంటే, రెండోవారు కాదనకుండా ‘అయితే నడుద్దాం, ఆ బరువైన పెట్టె నాకివ్వు’ అంటూ అందుకోవాలి. మీ వారిని గతం చెప్పుకోమని ఎవరూ అడగరు. ఎదుటి మనిషి మాట శ్రద్ధగా వింటే చాలు, జవాబు దానంతటదే వస్తుంది. మాట తగ్గిపోయిన మనిషికి ఇది ఎంత ఊరటో!

ఆయన్ని బలవంతపెట్టకండి. కావాలంటే మీరే ముందు చేరండి. ఇద్దరూ చేరితే మాత్రం మొదటిసారి వేర్వేరు తరగతులు ఎంచుకోండి. భార్య ఎదుట తడబడటానికి చాలామంది మొహమాటపడతారు.

ఈ తరగతులు వైద్యానికి బదులు కావు. బతకాలని లేదన్న మాట ఆయన నోట వినిపిస్తే, వెంటనే 988కి ఫోన్ చేసి 1 నొక్కండి. మాజీ సైనికుల కోసమే ఉన్న ఆ లైన్‌కు కుటుంబ సభ్యులు కూడా ఫోన్ చేయొచ్చు.