పాత స్ప్రేయర్ బ్యాటరీతో పశువుల కొట్టంలో లైటు

వైర్లు కలపడం వీడియోలో చూపించాను, ఇక్కడ లెక్క రాస్తున్నాను.

మా పొలంలో ఉన్న కొట్టానికి కరెంటు లేదు. మొన్న చీకట్లో పేడ ఎత్తబోయి మా అమ్మ పాము మీద చెయ్యి వెయ్యబోయింది. ఆ రాత్రే అటక మీద పడేసిన స్ప్రేయర్ బ్యాటరీ గుర్తొచ్చింది. 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్, లెడ్ యాసిడ్ రకం. కషాయాలు కొట్టబోతే రెండు ట్యాంకులకే ఆగిపోతోంది. తప్పు నాదే, నాలుగు నెలలు చార్జింగ్ పెట్టలేదు. అలా వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. అగ్రికల్చర్ డిప్లొమాలో మట్టి గురించి చెప్పారు గానీ ఇవన్నీ చెప్పలేదు!

"పంపే తిప్పలేనిది లైటేం వెలిగిస్తుంది?" అన్నాడు మా తమ్ముడు. పంపు మోటారు 2, 3 ఆంపియర్లు లాగుతుంది. పాత బ్యాటరీ అంత ఇవ్వబోతే వోల్టేజి పడిపోతుంది. మీటరు పొడవు 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌కి సుమారు 5 వాట్లు, అంటే 0.4 ఆంపియర్ చాలు. ముసలెద్దు నాగలి లాగలేకపోయినా గడ్డిమోపు బండి లాగుతుంది కదా.

బ్యాటరీ ఉబ్బినా, కారినా ముట్టుకోవద్దు. బాగుంటే ఫుల్ చార్జ్ చేసి, రాత్రంతా పక్కన పెట్టి, మల్టీమీటరుతో చూడండి. మంచిదైతే 12.7 దగ్గర ఉంటుంది. నాది 12.5 చూపించింది. 10.5 దగ్గరే ఉండిపోతే ఒక సెల్లు పోయినట్టే, వదిలేయండి. తర్వాత స్ట్రిప్ కలిపి గంటగంటకీ చూశాను. 11.5కి దిగడానికి 6 గంటలు పట్టింది. 0.4 ఇంటూ 6, అంటే 8లో మిగిలింది 2.4 ఆంపియర్ అవర్ మాత్రమే. అందుకే రోజుకి 3 గంటలే వాడతాం. పూర్తిగా పిండేస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది. పొద్దున పాలతో పాటే ఇంటికి తెచ్చి స్ప్రేయర్ చార్జరుకే పెడతాను.

స్ట్రిప్‌ని కత్తెర గుర్తు ఉన్నచోటే కత్తిరించండి. ప్లస్, మైనస్ తారుమారైతే వెలగదు. విడి ఎల్ఈడీలు నేరుగా కలిపితే మాడిపోతాయి. స్ట్రిప్‌లో రెసిస్టర్లు ముందే ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి వారం నేను ఫ్యూజు పెట్టలేదు, పాత బ్యాటరీయే కదా అని. ఎలుక వైరు కొరికింది. రెండు తీగలూ తగిలి పైతొడుగు కరిగి పొగొచ్చింది. పక్కనే వరిగడ్డి, కట్టేసి ఉన్న ఆవు, నెల దూడ. అమ్మ వాసన పసిగట్టి వైరు లాగేసింది కాబట్టి సరిపోయింది. పంపు తిప్పలేని బ్యాటరీ కూడా షార్టయితే నిప్పు పెట్టగలదని అప్పుడే తెలిసింది. పాజిటివ్ టెర్మినల్ పక్కనే, బెత్తెడు దూరం లోపే, 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. చాలా తక్కువ ఖర్చు. వైరుని పైపులోంచి లాగండి. బ్యాటరీని గడ్డికి దూరంగా, గాలి తగిలేలా, చెక్క మీద నిలబెట్టండి.

కొత్త స్ప్రేయర్లలో కొన్నింటికి లిథియం బ్యాటరీ వస్తోంది. ఈ వోల్టేజి లెక్కలు దానికి పనికిరావు, చార్జరూ వేరే.

ఇది కూడా పూర్తిగా చచ్చాక పగలగొట్టి గట్టు మీద పడేయకండి. లోపల సీసం, యాసిడ్ ఉంటాయి. సీసం మట్టిలో చేరితే జీవామృతం ఎంత పోసినా పోదు. కొత్తది కొనేటప్పుడు పాతది షాపులో ఇస్తే ధరలో ఎంతో కొంత తగ్గిస్తారు.