ప్రోస్టేట్ కాన్సరుకు హార్మోను చికిత్స: ఆహారము, గుండె ఆరోగ్యము

నేను వైద్యుడను కాను. తెలుగు పాఠములు చెప్పువాడను. అయినను ఈ విషయమును గూర్చి వ్రాయుటకు ఒక కారణమున్నది. మా పెదనాన్నగారికి ప్రోస్టేట్ కాన్సరు అని తేలిన తరువాత మూడు నెలలకొకసారి హార్మోను సూది వేయుచుండిరి. జబ్బు అదుపులోనికి వచ్చినదని ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. నీరసించిన మనిషికి బలము చేకూరవలెనని నేతి పరోటాలు, కొవ్వు మాంసపు కూరలు, మిఠాయిలు కొసరి కొసరి పెట్టితిమి. ఏడాది తిరుగునప్పటికి పొట్ట పెరిగినది, మధుమేహము బయటపడినది, మెట్లెక్కునప్పుడు ఆయాసము మొదలైనది. కాన్సరును చూచి భయపడిన మేము గుండెను మరచిపోతిమి. ఆ మరపు మరియొక ఇంట జరుగకూడదనియే ఈ వ్యాసము.

ప్రోస్టేట్ అనునది పురుషులలో మూత్రాశయమునకు దిగువన ఉండు గ్రంథి. దాని ఎదుగుదలకు ఆధారము ముఖ్యముగా వృషణములలో తయారగు టెస్టోస్టెరోన్ అను హార్మోను. ఈ గ్రంథిలో పుట్టిన కాన్సరు సైతము ఆ హార్మోను బలముతోనే పెరుగునని, దానిని తగ్గించినచో జబ్బు తగ్గుముఖము పట్టునని షికాగోలో చార్లెస్ హగిన్స్ 1941లో నిరూపించెను. ఈ కృషికి ఆయనకు 1966లో నోబెల్ బహుమానము లభించినది.

ఆనాటి చికిత్సలు రెండు: వృషణములను తొలగించుట, లేదా స్త్రీ హార్మోను వలె పనిచేయు స్టిల్‌బెస్ట్రాల్ అను మందు నిచ్చుట. 1960ల దశకములో అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన పరిశోధనలో ఒక గమనింపదగిన సంగతి తేలినది. రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఆ మందు పుచ్చుకొన్న వారిలో కాన్సరు మరణములు తగ్గినవి. గుండె, రక్తనాళముల వ్యాధుల వలన మరణములు పెరిగినవి. ఒక వాకిలి మూసిన మృత్యువు మరొక వాకిట ప్రవేశించినది.

నేడు ఎక్కువగా వాడునవి వేరు మందులు. ఇవి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుండి వృషణములకు పోవు ఆజ్ఞను ఆపివేయును. అయినను గుండెను గూర్చిన చింత పూర్తిగా తొలగిపోలేదు. ఈ సూదిమందులలో అధిక భాగమునకు మధుమేహము, గుండెపోటు ప్రమాదమును గూర్చిన హెచ్చరిక చేర్చవలెనని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించినది. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో రెలుగోలిక్స్ అను మాత్రలు వాడిన వారిలో 2.9 శాతము మందికి, ల్యూప్రోలైడ్ సూది వేయించుకొన్న వారిలో 6.2 శాతము మందికి తీవ్రమైన గుండె, రక్తనాళ సంబంధమైన ఆపదలు కలిగినవి. కాని 2021లో డెగరెలిక్స్ అను సూదిమందును ల్యూప్రోలైడ్‌తో పోల్చి చూచినప్పుడు అట్టి తేడా కనబడలేదు. కావున మందు ఎంపికను వైద్యునికి విడిచి, మన చేతిలోనున్న కంచము సంగతి విచారింతము.

టెస్టోస్టెరోన్ తగ్గినప్పుడు కండ తగ్గి కొవ్వు పెరుగును. ఇన్సులిన్ పని మందగించి రక్తములో చక్కెర పెరుగవచ్చును. కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడులు హెచ్చవచ్చును. ఎముకలు పలుచబడును. మనిషి పుష్టిగా కనిపించును గాని, ఆ పుష్టి కండ కాదు, కొవ్వు. మేము మోసపోయినది ఇచ్చటనే.

కావున కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు ఉండవలెను. తెల్లని అన్నము తగ్గించి జొన్నరొట్టె, రాగిసంకటి తినుట మేలు. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము ఉన్నది. అది ఎముకకు బలము. కండ నిలుచుటకు పప్పు, శనగలు, చేప, చర్మము తీసిన కోడిమాంసము, వెన్న తీసిన మజ్జిగ చాలును. వనస్పతిని వంటింటి నుండి వెడలగొట్టవలెను. బిరియాని, నిహారీలను పండుగలకు పరిమితము చేసి, కొద్దిగా వడ్డించుకొనవలెను. ఉప్పు రోజుకు 5 గ్రాములకు, అనగా ఒక చెంచాకు లోపు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, అప్పడము, ఎండుచేపలలోని ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే. అబిరాటెరోన్ అను మాత్రలు వాడువారికి రక్తపోటు పెరుగవచ్చును గనుక ఈ జాగ్రత్త మరింత అవసరము. ఆ మాత్రలను సాధారణముగా పరగడుపున వేసుకొనవలెను. భోజనముతో కలిపినచో మందు మోతాదుకు మించి ఒంటబట్టును.

ఆహారముతో పాటు నడక ఉండవలెను. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక, రెండు దినములు కండకు పని కల్పించు వ్యాయామము వైద్యుని అనుమతితో చేయవలెను. పొగాకు పూర్తిగా మానవలెను. చికిత్సకు ముందును, తరువాత అప్పుడప్పుడును రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షించుకొనవలెను. రంజాన్ ఉపవాసములలో వ్యాధిగ్రస్తులకు మినహాయింపు ఉన్నది. వైద్యుని అడుగక ఉపవాసము పట్టి మందుల వేళలు మార్చుకొనరాదు. గుండెకు భయపడి సూది మానుకొనుటయు తప్పే. రెండింటిని కాపాడుటయే మన పని.

ప్రియ విద్యార్థులారా! మన ఇండ్లలో పెద్దలు ఈ జబ్బును బయటకు చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. ఆసుపత్రి చీటీలు ఆంగ్లములో ఉండును. వాటిని చదివి చెప్పవలసిన వారు మీరే. చదివినప్పుడు మందు పేరుతో ఆగిపోక, "గుండె పరీక్ష ఎప్పుడు చేయించవలెను? ఏమి తినవలెను?" అని వైద్యుని అడుగుడు. మేము ఆ ప్రశ్న ఒక ఏడాది ఆలస్యముగా అడిగితిమి. పెదనాన్నగారు ఇప్పుడు జొన్నరొట్టెను విసుగుకొనుచునే తిని, ఫజర్ నమాజు తరువాత అరగంట నడచుచున్నారు. మెట్ల మీద ఆయాసము తగ్గినది. మీరు ఆలస్యము చేయకుందురు గాక.